రాసే చేతి వైపు

మా నాలుగో తరగతి పిల్లల బుర్రకి కుడి, ఎడమ ఒక పట్టాన ఎక్కవు. కుడి అంటే సగం మంది అటు, సగం మంది ఇటు తిరుగుతారు. విసిగిపోయి ఆ మాటలే మానేశాను. "రాసే చెయ్యి", "రెండో చెయ్యి" అని నేర్పాను. మంత్రం వేసినట్టు పనిచేసింది. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మూడు రోజులు నగరం చూపించడానికి తీసుకొచ్చినప్పుడూ అదే పద్ధతి. బస చేసిన హాస్టల్ నుంచి బయలుదేరిన ప్రతిసారీ ఒకరు దారి చీటీ పట్టుకుని ముందు నడవాలి. నేనూ, హెడ్మాస్టరుగారూ నోరు మూసుకుని వెనక నడవాలి. చివరి రోజు వంతు బఠాణీది.

బఠాణీ తరగతిలో అందరికంటే పొట్టిది. నలుగురు అక్కల తర్వాత పుట్టింది. ఎక్కడికెళ్ళినా వాళ్ళ వెనక పడి పరిగెత్తడమే గాని, ముందు నడిచిన పాపాన పోలేదు. ఆ ఉదయం అందరికంటే ముందే లేచి, బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంది.

పది గంటలకు నక్షత్రశాలలో ప్రదర్శన. పది దాటితే తలుపులు వేసేస్తారు. మధ్యాహ్నం మా రైలు, కాబట్టి ఇంకో ఆట చూసే వీలు లేదు. చీటీలో రెండే మలుపులు రాశాను: బేకరీ దగ్గర రాసే చేతి వైపు, పోస్టాఫీసు దగ్గర రెండో చేతి వైపు.

బఠాణీ బేకరీ ముందు ఆగింది. చీటీ చూసి, తన చేతులు చూసుకుని, ధీమాగా తిరిగింది. ఎంత నడిచినా పోస్టాఫీసు రాలేదు. చివరికి పాత టైర్లు పేర్చిన రేకుల గోడ దగ్గర దారే అయిపోయింది.

"దారి తప్పించేసిందిరోయ్!" అని గంట అనే కుర్రాడు అరిచాడు. ఆ గొంతు విన్నవాళ్ళు వాడికా పేరు ఎందుకొచ్చిందని అడగరు.

నాకు ఒళ్ళు మండింది. "ఉన్నవే రెండు మలుపులు! బేకరీ దగ్గర ఎటు తిరగమని రాశాను?"

"రాసే చేతి వైపు, టీచర్."

"మరి నువ్వెటు తిరిగావు?"

"రాసే చేతి వైపే" అంటూ ఎడమ చెయ్యి చూపించింది.

ఆ పిల్లది పుర్రచెయ్యి అని నాకు తెలీదా? మోచెయ్యి పక్కవాళ్ళకి తగులుతోందని బెంచీ చివర కూర్చోబెట్టింది నేనే. చీటీ రాసేటప్పుడు మాత్రం ఆ పిల్ల నాకు గుర్తే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

హెడ్మాస్టరుగారు వాచీ చూసుకున్నారు. "ఇరవై నిమిషాలే ఉంది. చీటీ గంటకిచ్చెయ్యి తల్లీ."

బఠాణీ చీటీని గుప్పిట్లో బిగించింది. కళ్ళనిండా నీళ్ళు. గొంతు మాత్రం వణకలేదు. "ఇవ్వను సార్. నా వంతు ఇంకా అవలేదు."

"మొండికేస్తే ఎలాగమ్మా?"

"తప్పు నాది సార్" అన్నాను. "దాన్నే నడవనివ్వండి."

బఠాణీ కళ్ళు తుడుచుకుని, అందరినీ దాదాపు పరుగున బేకరీ దాకా వెనక్కి తీసుకొచ్చింది. అక్కడ అందరినీ హాస్టల్ నుంచి వచ్చినప్పుడు ఎటు చూస్తూ వచ్చామో అటే నిలబెట్టి, తను మా వైపు తిరిగింది.

"అందరూ రాసే చెయ్యి ఎత్తండి!"

చేతులన్నీ లేచాయి. గంట రెండూ ఎత్తాడు.

"ఒకటి దించరా!" అని కసిరింది. వాడు కిక్కురుమనకుండా దించాడు. బేకరీ అతను మేమేదో ప్రమాణం చేస్తున్నామనుకున్నాడో ఏమో, కౌంటరు వెనక లేచి నిలబడ్డాడు. బఠాణీ ఆ చేతులు చూసి అటు దారి తీసింది. పోస్టాఫీసు దగ్గర మళ్ళీ ఎత్తించి, "ఇప్పుడు ఎత్తని చేతి వైపు!" అంది.

మేం రొప్పుతూ చేరేసరికి కాపలాదారు తలుపు మూస్తున్నాడు.

"టైమైపోయింది. ఎవరు తీసుకొచ్చారండీ వీళ్ళని?" అని నన్ను అడిగాడు.

"నేను" అంది బఠాణీ.

అతను తల వంచి చూశాడు. "నువ్వా?"

"నేనే. ఒకసారి తప్పిపోయాం. మళ్ళీ తీసుకొచ్చాను. అందరం వచ్చేశాం, పంపించండి."

కాపలాదారు తలుపుకి కాలు అడ్డం పెట్టాడు. "అయితే లెక్కపెట్టి పంపించు లీడరుగారూ. తొందరగా!"

బఠాణీ గుమ్మం పక్కన నిలబడి ఒక్కొక్కరి భుజం తట్టి లోపలికి పంపింది. పద్దెనిమిదితో పిల్లలు అయిపోయారు. హెడ్మాస్టరుగారు పంతొమ్మిది. నా వంతు రాగానే వంగి, "నన్ను క్షమించు బంగారం" అన్నాను.

"తర్వాత టీచర్" అంటూ నా భుజం తట్టింది. "ఇరవై. పదండి పదండి."