సైదమ్మ వాటా వేడినీళ్లు

మొదలుపెట్టిన నాడు లింగస్వామి చేతిలో ఉన్నవి మూడే. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం షట్టర్ కిరాయికి తీసుకున్న పైపుల దుకాణం, కంపెనీవాళ్లు నమూనాకని ఇచ్చి మళ్లీ అడగని, నీళ్లు కాచే ఒక హీట్‌పంప్, ఎల్‌బీ నగర్‌లో వాచ్‌మన్‌గా ఉన్న బక్కయ్య మాట. మూడింటిలో అక్కరకొచ్చింది ఆ చివరిదే.

ఇద్దరిదీ నల్లగొండ దగ్గర ఒకే ఊరు. వరసకు బక్కయ్య అన్న. ఆయన కాపలా కాసే అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లు, ఇరవై గీజర్లు. నెలకొకటి పాడయ్యేది. "మా తమ్ముడున్నడు సార్, ఒక్క మిషన్‌తోని అన్ని ఇండ్లకు వేడినీళ్లు తెప్పిస్తడు" అని అసోసియేషన్ సెక్రటరీ పట్టాభి చెవిన వేసింది బక్కయ్యే. ఆ ఒక్క మాట మీద లింగస్వామికి మీటింగులో కుర్చీ దొరికింది.

"గ్యాస్ లేదంటున్నారు, కరెంటు కూడా తక్కువేనంటున్నారు. మరి వేడి ఎక్కణ్నుంచి వస్తుందండీ?" అని అడిగాడు పట్టాభి.

"గాలిల కెంచి సార్. గాలిల ఉన్న వేడిని గుంజి నీళ్లల్ల పెడ్తది. కొత్తగ ఏం పుట్టియ్యది. ఈడ తీసి ఆడ పెడ్తది, మా యాపారం లెక్కనే."

అందరూ నవ్వారు. వేడి పోగొట్టుకున్న గాలి ఎటు పోతుందని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం లింగస్వామికి అలవాటు లేదు.

మిషన్ డాబా మీద ఉండాల్సింది. పై అంతస్తాయన చప్పుడుకు ఒప్పుకోలేదు. సెల్లార్‌లో, వాచ్‌మన్ గది పక్కన జాగా చూపించారు. అక్కడైతే మిషన్ వదిలే చల్లగాలిని వీధిలోకి తోలడానికి పదిహేను అడుగుల రేకు గొట్టం, డక్టు, కావాలి. ఆ ఖర్చుకు బేరం చెడిపోయేలా ఉంది. లింగస్వామి కొటేషన్‌లో ఆ ఒక్క వరుస కొట్టేశాడు. ఫ్యాన్ మూతి బక్కయ్య కిటికీ వైపు వచ్చింది.

అది ఏప్రిల్. బయట రోడ్డు మండిపోతుంటే బక్కయ్య భార్య సైదమ్మ కిటికీ పక్కన చేరగిలబడి చింతపండు గింజలు తీసుకునేది.

"ఏం మరిదీ, వదినెకు ఏసీ పెట్టిచ్చినవ్. ఇగ ఫ్రిజ్ ఎప్పుడు తెస్తవ్?"

"నువ్వే ఫ్రిజ్‌ల కూసున్నవ్ గద వదినె. ఇగ ఎన్నేండ్లైనా కరాబ్ కావు."

ఆ నవ్వు కూడా లింగస్వామికి సరుకైంది. కర్మన్‌ఘాట్ నుంచి, హయత్‌నగర్ నుంచి అపార్ట్‌మెంట్లవాళ్లను తీసుకొచ్చి సైదమ్మ కిటికీ ముందు నిలబెట్టేవాడు. "చూడుండ్రి, వేడినీళ్లకు మిషన్ కొంటే చల్లగాలి ఉత్తగ!" సైదమ్మ అందరికీ చాయ్ పోసేది. వానలు వెనకపట్టేసరికి రెండు బిల్డింగ్‌లు ఒప్పుకున్నాయి.

డిసెంబర్‌లో లెక్క మారింది. చలికి ఇరవై ఇళ్లవాళ్లూ నీళ్లు రెండింతలు వాడారు. రోజుకు ఆరు గంటలు తిరిగిన మిషన్ పద్నాలుగు గంటలు తిరిగింది. తిరిగినంతసేపూ ఆ గదిలోకి మంచులాంటి గాలి. సైదమ్మకు పాత దమ్ము, అదే ఉబ్బసం, ఉంది. అది లేచింది.

"తమ్మీ, జర దాని మూతి అటు తిప్పరాదు. మీ వదినె పండుకుంటలేదు, కూసునే తెల్లారుస్తున్నది" అని బక్కయ్య ఫోన్ చేశాడు.

"ఆదివారం డక్టు తెస్తనే అన్నా."

ఆదివారాలు మూడు వచ్చిపోయాయి. రేకు పనివాడు తీరిక లేకుండా ఉన్న మాట నిజమే. కర్మన్‌ఘాట్ బిల్డింగ్‌లో డక్టు బిగిస్తున్నాడు.

కిటికీకి గోనెసంచి కుట్టారు. గాలి తలుపు కింద నుంచి వచ్చింది. చివరికి బక్కయ్య ఒక పాత తలుపు చెక్క తెచ్చి ఫ్యాన్‌కు అడ్డంగా నిలబెట్టాడు. మిషన్ తను వదిలిన చలిని తనే మింగి, లోపల మంచు పట్టి, నిలిచిపోయింది. పొద్దున ఏడింటికి పట్టాభి ఫోన్.

"ఏమండీ లింగస్వామిగారూ! అన్ని ఇళ్లల్లోనూ చన్నీళ్లే. మా ఆవిడ ఇందిరాదేవి తలకి నూనె పెట్టుకుని కూర్చుందండీ!"

ఏడున్నరకల్లా లింగస్వామి ఎల్‌బీ నగర్‌లో ఉన్నాడు. బక్కయ్య ఫోన్‌కు మూడు వారాలు, ఈ ఫోన్‌కు అరగంట. ఆ తేడా ఇంకెవరూ చూడకపోయినా అతని బుర్రలో పడింది.

"ఈ చెక్క పెట్టిందెవరు?" అన్నాడు పట్టాభి.

"నేనే సార్. ఆమెకు దమ్మాడుతలేదు."

పట్టాభి చెడ్డవాడేం కాదు. లింగస్వామి వైపు తిరిగి, "ఈ గాలికీ ఆవిడ జబ్బుకీ ఏమైనా సంబంధం ఉందంటారా?" అని అడిగాడు.

డక్టు ఉండాల్సిందని, దాన్ని కొట్టేసింది తనేనని ఒక్క మాట చెబితే చాలు. పదకొండింటికి వనస్థలిపురం వాళ్లు మిషన్ చూడడానికి వస్తున్నారు.

"చలికాలం గద సార్, అందరికీ ఉండేదే. గీ చెక్క అడ్డం పెడితే మాత్రం మిషన్ కరాబైతది."

చెక్కను తనే మోసుకెళ్లి అవతలి గోడకు ఆనించాడు. గదిలోంచి సైదమ్మ గొంతు వినిపించింది. "మరిదొచ్చిండా? చాయ్..." పెట్టనా అనడానికి ఊపిరి చాలలేదు.

నాలుగో రోజు ఆమె దవాఖానలో పోయింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందని రాసిచ్చారు.

మనిషిని సెల్లార్‌కు తెచ్చారు. సైదమ్మ చెల్లెలు ఈరమ్మ ఆఖరి స్నానం నీళ్లు కాచడానికి మూడు ఇటుకలు పేర్చింది. పట్టాభి దిగివచ్చి, "ఇన్ని బళ్లున్నాయి, పెట్రోలు. ఇక్కడ మంట వద్దమ్మా. కావలసినన్ని వేడినీళ్లు ట్యాంకులోనే ఉన్నాయి కదా, పట్టుకోండి" అన్నాడు మెల్లగా.

పట్టుకోవడానికి వాచ్‌మన్ గదికి కుళాయి లేదు. లైను వేసింది ఇరవై ఇళ్లకే. లింగస్వామి ట్యాంకు వాల్వ్ తిప్పి బకెట్ పెట్టాడు. ఆవిరి లేచింది. ఈరమ్మ వేలు ముంచి చటుక్కున తీసుకుంది.

"మస్తు కాగినయ్. చన్నీళ్లు కలుపుర్రి, అక్కకు కాల్తయ్."

ఆడవాళ్లు చుట్టూ చీర అడ్డం పట్టుకున్నారు. రెండో బకెట్ నిండుతుంటే ట్యాంకు తగ్గి మిషన్ తిరగడం అందుకుంది. ఫ్యాన్ గాలికి ఆ చీర సైదమ్మ మీదికి ఎగిరింది. లింగస్వామి పరుగెత్తి స్విచ్ ఆపేశాడు.

"రెండు బకెట్లు సాలు సేటూ. ఇగ బంద్ చెయ్" అన్నాడు బక్కయ్య. అప్పటిదాకా ఆ నోట తమ్మీ తప్ప వేరే పిలుపు లేదు.

మర్నాడే డక్టు వచ్చింది. ఎవరూ అడగకుండా, లింగస్వామే పదిహేను అడుగులూ బిగించాడు. అప్పటికి గది ఖాళీ. బక్కయ్య ఈరమ్మ వెంట హయత్‌నగర్ వెళ్లిపోయాడు.

ఉగాదికి లింగస్వామి కూర్చుని లెక్క చూసుకున్నాడు. నాలుగు బిల్డింగ్‌లు, తొంభై రెండు ఇళ్లు, దుకాణానికి నిండు షట్టర్. వచ్చినవి అవి. సైదమ్మకు వెళ్లినవి రెండు బకెట్లు, అందులో సగం చన్నీళ్లు.