లెక్కకు రాని చేతులు

నా ఈ కుడిచెయ్యి చూడండి, తమ్ముల్లారా. పెద్దపల్లి తాలూకాలో మా ఊరి ఆడవాళ్లను ముంచిన చెయ్యి ఇదే.

అరవై నాలుగులో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మగ్గం నేసే నేను, దొర మీద కొట్లాడే మా సంఘం నాయకుడు పర్శరాములు, ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురం గెలిచాం. దొర మనుషులు నలుగురు. మమ్మల్ని గెలిపించింది బీడీలు చుట్టే ఆడవాళ్లు. చాటలు పక్కన పెట్టి, కూలి పోగొట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. వాళ్లడిగింది ఒక్కటే: పంచాయతీలో ఆడవాళ్ల సీటు తమలోని కిష్టవ్వకు ఇవ్వాలని. ఆ యేడు వాళ్లలోనే ఉన్న బుచ్చవ్వ కూతురు కాన్పు కష్టమై, పెద్దపల్లి ఆస్పత్రి దారిలో ఎడ్లబండి మీదే ప్రాణం విడిచింది. కాన్పులు చేసే నర్సు కోసం ఊళ్లో కట్టిన గదిలో దొర ఎరువు బస్తాలు వేసుకున్నాడు. ఆ గది విడిపించాలి.

కానీ ఆడవాళ్ల సీటుకు ఆడవాళ్లు ఓటెయ్యరు! గెలిచిన మెంబర్లు చేతులెత్తి ఎవరినంటే వాళ్లే. అదీ దొర కళ్ల ముందు.

"ఫికర్ చెయ్యకు అక్కా, ఐదు చేతులు నీయే," అన్నాడు పర్శరాములు.

చేతులెత్తే రోజు ఆడవాళ్లంతా చావడి బయట, తల మీది కొంగు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. దొర ముందు కొంగు జారకూడదు, అది మా ఊరి రివాజు. లోపల ఆఫీసరు ముందుగా దొర కోడలికి చేతులెత్తమన్నాడు. పర్శరాములు చెయ్యి లేచింది! ఉపసర్పంచి పదవికి బేరం కుదిరిందని తర్వాత తెలిసింది. నాయకుడెత్తాడు కదా అని నేనూ ఎత్తాను. సిగ్గులేని చెయ్యి.

"ఆమె పేరు?" ఆఫీసరు కలం పట్టుకుని మెంబర్లను అడిగాడు. తొమ్మిది మందిలో ఒక్కడికీ తెలియదు. ఆమె దొర ఉండే గడీ దాటి ఎన్నడూ రాలేదు, దొరసాని పేరు మేం నోట పలకకూడదు.

కిష్టవ్వ గడప దాటి వచ్చింది.

"పేరు తెల్వనామెకు చేతులెత్తిన్రు. నన్ను అక్కా అన్న నోరెటు పాయెరా, పర్శరాములూ?"

"జర సమజ్ చేసుకో అక్కా, వచ్చేపారి..."

"వచ్చేపారి దాంక ఇంకెంతమంది సావాలె?"

ఆమె కొంగు వదిలి చెయ్యెత్తింది. వెనక నలభై మందీ ఎత్తారు.

"మీ చేతులు లెక్కకు రావు, దించండి," అన్నాడు ఆఫీసరు.

దించలేదు. ఆ చేతులతోనే గది తాళం పగలగొట్టి, బస్తాలు బజార్లో పడేశారు.

పొద్దుగూకకముందే పోలీసులు దిగారు. "ఎవరు చేసిన్రు గీ పని?" జమేదారు లాఠీ ఆడిస్తూ అడిగాడు. అన్ని చేతులూ లేచాయి. నేనూ ఎత్తాను.

బుచ్చవ్వ నా మణికట్టు పట్టి కిందికి గుంజింది.

"నీది దించు, అంబదాసూ. నీ చెయ్యి ఒకపారి జూసినం."