కల్ అనే మాట

తాను వాట్సాప్‌లో పెట్టిన బొమ్మ కింద చేరుతున్న నవ్వులను చూసి రామ్‌ప్రసాద్ మొదట సంతోషించాడు. అసహ్యం తరువాత వచ్చింది. వచ్చినది మరి వెళ్ళలేదు.

హాడో ఓడరేవు కార్యాలయంలో గుమాస్తా అతను. ఉద్యోగం సంగతి ఎవరైనా అడిగితే రెండు మాటల్లో తేల్చేసేవాడు. ‘ఏడో కక్ష్య’ సంగతి అడిగితే మాత్రం ఎదుటివాడి టీ చల్లారేదాకా వదిలేవాడు కాడు. నక్షత్రాల మధ్య తిరిగే ఒక నౌక, దాని కెప్టెన్, మూడు చిత్రాలు. అతని కుర్రతనంలో వాటి డిస్కులు మెయిన్‌లాండ్ నుంచి ఓడల్లో పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చేవి. అన్నీ హిందీ డబ్బింగువే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే ద్వీపపు పిల్లలకు అదొక లోటుగా తోచలేదు.

మూడో చిత్రం చివర నౌక తగలబడుతుంది. మంటల అవతల నుంచి శత్రువు అడుగుతాడు, నువ్వెవరివని. “మై కల్ కా ఆద్మీ హూఁ,” అంటాడు కెప్టెన్. అంతటితో తెర చీకటైపోతుంది. హిందీలో కల్ అంటే నిన్న, కల్ అంటే రేపు కూడా. వెంట ఉన్న క్రియను బట్టి ఏదో పోల్చుకోవాలి. ఆ వాక్యంలో పోల్చుకోవడానికి ఏమీ లేదు. రామ్‌ప్రసాద్ మాత్రం పోల్చుకున్నాడు. రేపటి మనిషి. అంటే చావలేదు, తిరిగి వస్తాడు, ముసలితనం అంటకుండా వస్తాడు. ద్వీపంలోని అభిమానులందరికీ అతను అదే నేర్పాడు. అసలు ఇంగ్లీషులో ఏముందో సరిచూసుకోవాలని ఇన్నేళ్ళలో అతనికి అనిపించలేదు. ప్రేమించినదాన్ని ఎవరు సరిచూసుకుంటారు?

కెప్టెన్ వేషం కట్టిన నటుడు పోయాడు. అందుచేత నాలుగో చిత్రాన్ని మొత్తం కంప్యూటరు బొమ్మలతో తీశారు. విడుదలకు ముందు వదిలిన ట్రైలర్లో కెప్టెన్ జుట్టు నెరిసి ఉంది. చేతులు మరీ ముసలివి. ఉబ్బిన కణుపులు, మడత పడకుండా నిక్కిన చిటికెన వేలు. ఆ చేతులు తెగిన తాడును ముడివేసి, ముడిని బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాయి. రామ్‌ప్రసాద్ ఆ క్షణాన్ని ఆపి, చిటికెన వేలి చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, తాను నడిపే అభిమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. “ఇవి నక్షత్ర నౌక నడిపిన చేతులా, చేపల గంప మోసిన చేతులా?” అని కింద మాట కలిపాడు. తెలుగు చదవలేని కుర్రకారు కోసం అదే మాటను గొంతుతో కూడా పంపాడు.

నవ్వులు కురిశాయి. మొబైళ్ళ దుకాణం నడిపే దుర్గారావు వెంటనే గొంతు కలిపాడు.

“ఏం కొట్టావు భయ్యా! మన కెప్టెన్ని తీసుకెళ్ళి జంగ్లీఘాట్ చేపల మార్కెట్లో కూచోబెట్టేశారు. బొమ్మలు చేసినోడికి వేలు ముడవడం కూడా రాదు. మొదటిరోజు ఆటకి అందరం వెళ్దాం. ముసలోడు తెర మీదికి రాగానే లేచి, వీడియో తీసి, బయటికొచ్చేద్దాం. నువ్వు లే భయ్యా, నీ వెనక హాలంతా లేస్తుంది.”

రామ్‌ప్రసాద్ ఒక నమస్కారం బొమ్మ పంపాడు. సరేనన్నట్టే.

ఆదివారం అతను ఫెర్రీ ఎక్కి హోప్ టౌన్‌లో ఉన్న తల్లి సింహాచలమ్మ దగ్గరికి వెళ్ళాడు. అక్క కూతురు సింధూరి హైదరాబాదు నుంచి సెలవు మీద వచ్చి ఉంది. అక్కడ యానిమేషన్ కంపెనీలో పని. ఏ సినిమాకు చేస్తోందో బయట చెప్పకూడదని కంపెనీ షరతు. ఆ షరతును ఆమె అమ్మమ్మ దగ్గర మాత్రం తప్పింది.

“రా మామయ్యా. నీ సున్నా చూశాను,” అంది సింధూరి.

“ఏ సున్నా?”

“ఎర్రది. తాతయ్య చిటికెన వేలి చుట్టూ చుట్టావు కదా.”

అతనికి అర్థం కాలేదు. చేప పొలుసు గీకుతున్న సింహాచలమ్మ తలెత్తకుండానే అంది. “మీ నాన్న ఏలు గేలం కోసీలేదేట్రా. అప్పట్నుంచీ మడత పడ్నేదు. మరిసిపోనావా?”

తండ్రి గవరయ్య బతికున్నన్నాళ్ళూ పడవను తానే గట్టుకు కట్టేవాడు. కట్టిన ముడిని, నిద్రపోయిన బిడ్డ నుదురు తాకినట్టు, బొటనవేలితో ఒకసారి నొక్కేవాడు. ఆ చేతిని పట్టుకుని బడికి వెళ్ళినవాడు రామ్‌ప్రసాద్. అదే చేతిని ఆపి, పెద్దది చేసి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసి, అందులో లోపం ఒక్కటే కనుక్కున్నాడు.

“కానీ సింధూ, కెప్టెన్ ముసలివాడెలా అవుతాడు? కల్ కా ఆద్మీ కదా. రేపటివాడు.” ఆ సమయంలో కూడా తన నోట ఆ వాదనే వచ్చినందుకు అతనికి తన నోరంటేనే రోత పుట్టింది.

“నిన్నటివాడు మామయ్యా. ఇంగ్లీషులో నిన్న అనే ఉంది. పని మొదలెట్టిన రోజే మాకు చెప్పారు. నిన్నటి మనిషికి చేతులెలా ఉంటాయని ఆలోచిస్తే నాకు తాతయ్యే తోచాడు. పాత వీడియోలు ముందేసుకుని చేశాను. అంత పెద్ద సినిమాలో నా వంతు ఆ రెండు చేతులే.”

“నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“నువ్వు గుర్తుపడతావనుకున్నాను.”

సింహాచలమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. “ఫోన్లో సూపించింది గానీ నా కంటికి ఆన్లేదు. పెద్ద తెర మీద గోడంత కనబడతాయంట. నన్ను తీసుకెళ్ళండర్రా. ఆ సేతులు సూసి ఎన్నాళ్ళయిందో.”

తిరుగు ఫెర్రీలో అతను గ్రూపుకు మాట రికార్డు చేశాడు. నేను పొరబడ్డాను, కల్ అంటే అక్కడ నిన్న, ఆ చేతులు మా నాన్నవి, మా అమ్మ చూడ్డానికి వస్తోంది, ఎవరూ లేవకండి. పంపబోయి ఆగాడు. చేపల గంప అని తానే నవ్వించాడు. ఆ గంప తన ఇంటిదని ఇప్పుడు ఎలా చెప్పడం? చెరిపేసి, మళ్ళీ చెప్పాడు. ఈసారి తండ్రి లేడు, తల్లి లేదు. మాట అర్థం తప్పిందని, తాను లేవనని మాత్రమే ఉంది. పంపాక, ఆనాటి వెక్కిరింతా ఇప్పటి దాపరికమా, ఏది పెద్ద పాపమని తనను తాను ప్రశ్నించుకున్నాడు. వెక్కిరించిన రోజున ఆ చేతులు ఎవరివో అతనికి తెలియదు. ఇప్పుడు తెలుసు.

పడవ దిగేలోపల దుర్గారావు జవాబు వచ్చింది.

“భయ్యా, ఇది ఇంకా ఘోరం! నిన్నటోడంటే చచ్చినోడే కదా. చచ్చినోణ్ణి లేపి బొమ్మలాట ఆడిస్తారా? ఛీ! ఇప్పుడు డబుల్ లేస్తాం.”

కెప్టెన్ పడుచువాడుగా లేడని మండిపడ్డవాళ్ళే సాయంత్రానికి అతను చచ్చిపోలేదని మండిపడసాగారు. కోపం ఇల్లు మారలేదు, గుమ్మం మీది పేరు మాత్రం మార్చుకుంది. తాను లేవనన్న మాటకు ‘భయ్యా నాటకం అదుర్స్’ అని ఎవరో రాశారు. రామ్‌ప్రసాద్ ఆ మాటలన్నిటినీ వరుసగా విన్నాడు. ఎవరి గొంతు వాళ్ళదే, కానీ విసురు తనది, ఎకసెక్కం తనది, ఎక్కడ ఆగి నవ్వాలో అది కూడా తన దగ్గర నేర్చుకున్నదే. తాను ఇన్నేళ్ళూ చేసింది ఎదురుచూపు అనుకున్నాడు. ఎదురుచూసేవాడు తలుపు తెరిచి ఉంచుతాడు. తాను గుమ్మంలో కొలబద్ద పట్టుకుని నిలబడ్డాడు.

మొదటిరోజు మధ్యాహ్నపు ఆట. సింహాచలమ్మ పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుంది. మనవరాలికీ కొడుక్కీ మధ్య, కాళ్ళు నేలకు ఆనీ ఆనకుండా కూర్చుంది. ముందు వరుసల్లో దుర్గారావు బృందం. వెనక కూడా వాళ్ళే. ఒకడు వెనక్కి తిరిగి రామ్‌ప్రసాద్‌కు కన్ను గీటాడు.

నౌక లోపలి గది తెర మీదికి వచ్చింది. నెరిసిన తల వెనక నుంచి కనబడింది.

“ఇదేనమ్మమ్మా, ఇప్పుడే,” అంది సింధూరి.

ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు లేచారు. సింహాచలమ్మ అటూ ఇటూ మెడ చాచింది. “ఒరే, ఆల్ని కూకోమనరా, నాకు కనబడ్డం లేదు.”

రామ్‌ప్రసాద్ దిగ్గున లేచాడు. “కూర్చోండి!” అని అరిచాడు.

“భయ్యా లేచాడు!” అంది వెనక నుంచి ఒక గొంతు. ఆ కేకతో హాలంతా లేచింది. ఈలలు. ఎత్తిన ఫోన్లు. కూర్చోండి, కూర్చోండి అని అతను అరుస్తూనే ఉన్నాడు. అది కూడా ఆటలో భాగమనుకుని వాళ్ళు “కూర్చోండి, కూర్చోండి” అని వంతపాడారు. వీపుల గోడ అవతల తెర ఎక్కడో వెలుగుతోంది. దుర్గారావు ఎత్తి పట్టిన ఫోనులో మాత్రం, అగ్గిపెట్టె అంత మేర, రెండు చేతులు తాడును ముడివేశాయి. చిటికెన వేలు మడత పడలేదు. బొటనవేలు ముడిని నొక్కింది. ఫోను పక్కకు తిరిగింది.

వాళ్ళు నవ్వుకుంటూ, ఒకరి వీడియో ఒకరు చూసుకుంటూ బయటికి నడిచారు. పోతూ పోతూ దుర్గారావు అతని భుజం తట్టాడు. “సూపర్ భయ్యా!” ఆ చెయ్యి తగిలినచోట చొక్కా విప్పి పారేయాలనిపించింది రామ్‌ప్రసాద్‌కు. ఆ తరువాత చొక్కా చాలదనిపించింది.

హాలు ఖాళీ అయింది. తెర మీద నక్షత్రాలు తప్ప ఏమీ లేవు.

“ఏటైనాదిరా? సినిమా అయిపోనాదా? అందరూ లేసిపోనారు.”

“లేదమ్మా. ఇంకా ఉంది.”

“మరి మీ నాన్న సేతులెప్పుడొస్తాయి?”

సింధూరి తలతిప్పి అతని వైపు చూసింది. ఏం చెబుతాడో వినాలని ఉన్నట్టుంది, ఆపాలని లేదు. వచ్చి వెళ్ళిపోయాయనాలి. మళ్ళీ తీసుకొస్తాననాలి. రెండూ ఒకేసారి నాలుక చివరికి వచ్చాయి. తీరా నోరు తెరిస్తే ఒక్క మాటే బయటికి వచ్చింది.

“కల్, అమ్మా.”

సింహాచలమ్మ తలాడించింది. అయినా లేవలేదు. కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచి పెట్టుకుని, ఖాళీ కుర్చీల మీదుగా తెర వైపు చూస్తూ కూర్చుంది.