చిక్కటి నూనె

పాలు చిక్కగుంటె మంచిదే. చారు గూడ చిక్కగ చేసి పెడితే తాగుతవా అని మా ఆయనను ఆనాడే అడగాల్సింది. నా నోరు వాడోళ్లందరి మీద లేస్తది గని, మొగని మీద యాళ్లకు లెవ్వదు.

మా ఆయన మట్టయ్య నలగొండల ఏండ్లకేండ్లు జీపు నడిపినోడు. పట్నం పక్క అల్మాస్‌గూడల ఇల్లు కట్టుకున్నంక చిన్న కారు, కొత్తది కొన్నడు. దాని మంచిచెడ్డ అంత త్రినాథరావే చూసెటోడు. గుడివాడ దిక్కాయన, మీర్‌పేట్ రోడ్డు మీద మెకానిక్ షాపు, ఎనకనే ఇల్లు. ఒక్క చాయ తెప్పించుకొని ఇద్దరు సగం సగం తాగెటోళ్లు.

సకల జనుల సమ్మె నడుస్తున్నది. బస్సులు బంద్. ఎల్బీనగర్ల వంటావార్పుకు పోతూ, ఇంజన్ నూనె మార్పిద్దామని షాపు కాడ ఆగినం. ఎనక సీట్ల మావోళ్లు కూసున్నరు. రావు పల్చటి నూనె డబ్బా తెచ్చిండు.

"గిదేంది? జీపుకు పోసే చిక్కటిది పొయ్యి," అన్నడు మా ఆయన.

"ఇది జీపు కాదు మట్టయ్య గారూ. కొత్త ఇంజన్లో సందులు సన్నగా ఉంటాయి. చిక్కటిదైతే పొద్దున్నే స్టార్ట్ చేయగానే పైదాకా ఎక్కదు. ఆ కాసేపూ ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి."

మావోళ్లు ఇంటున్నరాయె, ఈయనకు జోషొచ్చింది. "మా నీళ్లు మీరు దోస్కపోయి, మాకు నీళ్లసొంటి నూనె పోస్తరా?"

మావోళ్లు పకపక నవ్విన్రు. రావు డబ్బా మూత గూడ తియ్యకుంట లోపల పెట్టిండు.

తెలంగాణ రావాల్నని నేను గూడ రోడ్డు మీద బతుకమ్మ ఆడిన. ఆ బంతిపూలు రావు భార్య లలితకుమారి పెరట్లయే. కొట్లాట రాజ్యం కోసం గని, రావు ఏం జేసిండు పాపం!

ఇంకో షాపుల చిక్కటి నూనె పోయించిండు. కొన్నాళ్లకు పొద్దుగాల బండి తీస్తే టకటక, టకటక. "జర రావుకు చూపియ్యరాదు?" అన్న. "వాని కాళ్లు పట్టుకోవాల్నా?" అని నా మీదికి లేసిండు. దినాం ఆ షాపు ముంగటికెల్లే పోవాలె. అద్దం ఎక్కించి, మొకం తిప్పుకొని పోయెటోడు. మళ్ల మళ్ల అదే చిక్కటి నూనె!

తెలంగాణ వచ్చింది. గులాల్ చల్లుకున్నం. కొన్ని దినాలకు రావు షాపు ఖాళీ చేసిండు, తమ్ముని దగ్గరికి గుడివాడకు పోతున్నరట. పొమ్మని ఎవరనలే. ఉండమని మేమన్న అంటిమా?

పోయే ముందు లలితకుమారి ఆ పల్చటి నూనె డబ్బా తెచ్చి నా చేతుల పెట్టింది.

"మీ బండి కోసం కొన్నది వదినగారూ, ఇంకెవరికీ పోయలేదు. పొద్దున్నే ఆ చప్పుడు వినపడితే మా వారు టిఫిన్ వదిలేసి బయటికొచ్చేవారు, ఇవాళైనా ఆపుతారేమోనని."

మా ఆయన ఇన్నడు. అన్నం గూడ సక్కగ తినలే.

తెల్లారి పాత నూనె తీపిచ్చి, ఆ పల్చటిది పోయించుకొచ్చిండు. మర్నాడు పొద్దుగాల బండి స్టార్ట్ చేసి చెవి పెట్టి ఇన్నడు. టకటక పోలే. లోపల అరిగిందాయె, ఇంక ఏ నూనె పోస్తే ఏం లాభం?

బండి ఆపకుంటనే రావుకు ఫోన్ కొట్టిండు. అటు ఎత్తంగనే, ఈయన ఫోన్ బానెట్ దగ్గర పట్టిండు. ఇంజన్ ఒక్కటే మోగుతున్నది.

"ఇంకా తగ్గలేదా మట్టయ్య గారూ?" అన్నడు రావు. "అప్పుడే ఒక్కసారి ఆపి ఉంటే సరిపోయేది కదండీ."

మా ఆయన బానెట్ మీద తల పెట్టి ఏడ్సిండు. నేను పోయి బండి బంద్ చేసిన.