మెర్సీ పరుగు చూడ్డానికి వచ్చేవాడు

కైకలూరు అవతల చేపల చెరువు మీద కాపలా ఉంటాడు క్రీస్తుదాసు. పొద్దున్నే కూతురు మెర్సీ ఉత్తకాళ్లతో గట్టు మీద పరిగెడుతుంటే, తవుడు బస్తా దించి మరీ, ఆ పిల్ల తూము దాటి చుక్కంత అయ్యేదాకా చూసేవాడు.

రెండువేల ఏడులో డ్రిల్లు మాస్టారు అబ్దుల్ మజీద్ ఆ పిల్ల పేరూ ఫొటో ఇంటర్నెట్టులో పెట్టించారు. ఆటలాడే పిల్లల వివరాలన్నీ ఒక సైటులో ఉంటాయట. కోచ్‌లు చూసి పిలుస్తారట.

"గుర్తులు బాగా రాయండి మాస్టారూ" అన్నాడు క్రీస్తుదాసు పక్కన నిలబడి. "చర్చి ఎదురు సందు, మూడో ఇల్లు. రోజూ అయిదున్నరకి గట్టు మీద ఒక్కతే ఉంటుందని కూడా రాయండి. వచ్చేవారు వెతుక్కోకూడదు కదండీ."

మాస్టారు అన్నీ రాశారు.

రెండు నెలలపాటు మెర్సీ ప్రతి శనివారం ఇంటర్నెట్టు సెంటరుకి వెళ్లడం, మొహం వేలాడేసుకుని రావడం. ఒక శనివారం మాత్రం పాడుకుంటూ వచ్చింది. పరుగు బట్టలు ఉతికి, ఆరీఆరకుండానే సంచిలో పెట్టుకుంది.

"రేపు ఏలూరెళ్లొస్తాను నాన్నా, ఫ్రెండుతో."

"ఏ ఫ్రెండమ్మా?"

మెర్సీకి అబద్ధం నిలబెట్టడం చేతకాదు. సెంటర్లో ప్రింటు తీయించిన ఇంగ్లీషు కాగితం సంచిలోంచి తీసి తెలుగులో చెప్పింది. తనో పెద్ద కోచ్‌నని రాశాడొకాయన. నీ పరుగు గొప్పది, హాస్టల్లో సీటిప్పిస్తాను, మీ మాస్టారికి చెప్పకు, నువ్వు పైకి రావడం ఆయనకి గిట్టదు, ఏలూరు బస్టాండుకి ఒక్కదానివే రా.

"ఎవడే వాడు, నీ మేనమామా?" అంది పొయ్యి దగ్గర్నించి తల్లి మార్తమ్మ.

"నా పరుగు గొప్పదన్నాడమ్మా! ఇంతవరకూ ఎవరన్నారు ఆ మాట?"

క్రీస్తుదాసుకి ఎక్కడో తగిలింది. "ఎక్కడ చూశాడట?" అన్నాడు.

"ఫొటోలో."

"ఫొటోలో నువ్వు నిలబడున్నావు కదమ్మా."

క్రీస్తుదాసుకి ఆవేళ మాస్టారి చేత రాయించింది గుర్తొచ్చింది. ఆ సందు, ఆ గట్టు, ఆ అయిదున్నర, ఆ ఒక్కతే అన్న మాట, అన్నీ తన నోటితో చెప్పినవే. కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

మాస్టారు చదివి తల పట్టుకున్నారు. "రాసింది నేనే కదండీ. అడ్రసూ టైమూ ఇప్పుడే తీయించేస్తాను. నా నెంబరొక్కటే ఉంచుతాను, ఎవరైనా ముందు మనతో మాట్లాడాలి. ఈ కాగితం సైటు వాళ్లకీ స్టేషన్లోనూ ఇద్దాం."

"అలాగేనండి. ఆ కోచ్‌నన్నాయనకి కూడా ఓ ముక్క రాయండి. మా చెరువులో చేప కొనేవారు గట్టు మీదికొచ్చి, వల వేయించి, నలుగురి ముందూ చూసుకుంటారు. పిల్ల పరుగూ అలాగే చూసుకోమనండి. రేపు ప్రార్థనయ్యాక హైస్కూలు గ్రౌండులో అందరం ఉంటామనండి."

"రాడండీ."

"నాకూ తెలుసండి. పిల్ల మాత్రం పూర్తిగా నమ్మింది. రాలేదని దాని కళ్లతో అదే చూడాలి."

ఆదివారం ముగ్గురూ గ్రౌండులో కూర్చున్నారు. ఏలూరు బస్సు ఆగినప్పుడల్లా మెర్సీ లేచి కాళ్లు సాగదీసుకునేది. చేపల బుట్టలూ చంటిపిల్లలూ దిగేవారు. బస్సు వెళ్లాక దుమ్ము అణిగేదాకా చూసి మళ్లీ కూర్చునేది.

నాలుగింటికి మాస్టారు వచ్చి, క్రీస్తుదాసుని పక్కకి పిలిచి మెల్లిగా చెప్పారు. "జవాబు లేదండీ. అసలా కోచ్ పేరే సైటులో కనపడ్డం లేదు."

"మెర్సీకి కూడా చెప్పండి" అన్నాడు క్రీస్తుదాసు.

మాస్టారు చెప్పారు. మెర్సీ అంతా విని, సరేనండీ అంది. మార్తమ్మ చెంగు దులుపుకుని లేచింది.

ఎదర రోడ్డు మీద హారన్ వినపడింది. పిల్ల మెడ అటే తిరిగింది.

"ఇంకొక్క బస్సు చూద్దాం నాన్నా."

మార్తమ్మ ఏదో అనబోతే క్రీస్తుదాసు చెయ్యి పట్టి ఆపాడు. కండువా నేల మీద పరిచి, కూతురికి పక్కన చోటిచ్చి, తనూ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.