చేరినట్టు గుర్తు

ఆదివారం పొద్దున్నే ఆదికేశవులు అల్లుడికి ఫోన్ చేసి, చెప్పాల్సిన మాట చెప్పకుండా వాన గురించీ, కూవం నది కంపు గురించీ కాసేపు మాట్లాడాడు. నిరంజన్ ఊ కొడుతూ విన్నాడు. మామగారు అసలు సంగతికి ఎప్పుడూ చుట్టూ తిరిగే వస్తాడని అతనికి తెలుసు.

"వచ్చే గురువారం బిడ్డ ఆర్నెల్ల మాసికం గదా నాయనా," అన్నాడు చివరికి. "మనోళ్ళకంతా చెప్పాల. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే ఒక్కొక్కరూ మళ్ళీ మొదట్నుంచి అడుగుతారు, జొరం ఎట్ల వచ్చింది, ఆసుపత్రిలో ఏమన్నారని. నాకు గొంతు రాదు. గ్రూపులో పెట్టేస్తే ఒకే తూరి అయిపోతుంది."

"పెట్టండి మామయ్యగారూ."

"యాడ పెట్టేది? అది బీగం వేసి పెట్టింది గదా."

ఆ తాళం నిరంజన్ భార్య సింధూరి వేసిందే. చింతాద్రిపేట ఇంటివాళ్ళు, పురసవాక్కం మేనత్తలు, వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు, అందరినీ చేర్చి ఆ కుటుంబం గ్రూపు మొదలుపెట్టింది ఆమే. ఆదికేశవులూ ఆయన తమ్ముడు గోపాలస్వామీ పోటీలు పడి గులాబీపూల శుభోదయాలు, చక్కెర జబ్బుకు కాకరకాయ చిట్కాలు పంపుతుంటే తట్టుకోలేక, ఒకనాడు తను తప్ప ఎవరూ ఏమీ పెట్టడానికి వీల్లేకుండా చేసేసింది. "పెళ్ళి, పురుడు, చావు. ఈ మూడింటికైతే నాకు చెప్పండి, నేను పెడతా," అంది. అప్పుడు అందరూ నవ్వారు. ఆమె పోయిన కబురు మాత్రం గ్రూపులో రాలేదు. ఫోన్ల మీద ఇల్లిల్లూ చేరింది. ఎవరిదో సీమంతం జరిగే హాలు చిరునామా చివరి మాటగా, గ్రూపు అలాగే ఉండిపోయింది.

"నేను చూస్తానండి," అన్నాడు నిరంజన్.

సింధూరి ఫోన్ వేళచ్చేరి ఫ్లాటులో, బట్టల అలమర పక్కన, ఛార్జింగులోనే ఉంది. ఆరు నెలలుగా అది ఆరిపోకుండా చూస్తూ వచ్చాడు. ఆరిపోనివ్వడానికి చెయ్యి రాలేదు, అంతే. తెరిచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. తాళం అంకెలు తెలిసినా చూడలేదు. ఉద్యోగాల సైటు ఒకటి, ఆమె కంపెనీలో చేరి మరో ఏడాది నిండిందని, అభినందించమని అతని ఫోన్‌కు కబురు పంపితే, అదే అతనికి రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది.

ఇప్పుడు తెరవక తప్పలేదు. గ్రూపులోకి వెళ్ళి, అందరూ రాయవచ్చు అనే చోట నొక్కాడు. అంతే పని. ఇక మామగారే తన ఫోన్‌లోంచి పెట్టుకోవచ్చు.

నొక్కిన మరుక్షణం గ్రూపులో బూడిదరంగు అక్షరాలతో ఒక వాక్యం పడింది. సింధూరి సెట్టింగ్స్ మార్చిందని, ఇకమీదట సభ్యులంతా మెసేజ్‌లు పెట్టవచ్చని.

నిరంజన్ ఉద్యోగమే అలాంటి వాక్యాలతో. ఫలానావారు చేరారు, ఫలానావారు వెళ్ళిపోయారు, ఫలానావారు పేరు మార్చారు: యాప్‌లో ఎవరు ఏం చేసినా మిగతావాళ్ళకు తెలియజేసే ఈ మాటల్ని ఎప్పుడు, ఎవరికి చూపాలో నిర్ణయించే జట్టులో అతను ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. చేసినవాళ్ళ పేరు తప్పకుండా ఉండాలని మీటింగుల్లో వాదించేవాడు కూడా. అలాంటి మనిషి ఆ పొద్దు ఆ ఒక్క సంగతీ మరిచిపోయాడు. చింతాద్రిపేటలో, పురసవాక్కంలో, ఎవరెవరి చేతుల్లోనో ఫోన్లు చిన్నగా మోగి ఉంటాయి. తెరిచి చూస్తే సింధూరి పేరు, ఆ పేరు పక్కన నవ్వుతున్న ఫోటో.

కంగారుగా వెనక్కి వచ్చాడు. అప్పుడు కనబడింది, జాబితాలో అన్నిటికన్నా పైన, "అమ్మ". పక్కన చూడని మెసేజ్‌ల లెక్క వందలు దాటి ఉంది. అన్నీ మాటలే, రాత ఒక్కటీ లేదు. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడటమే గాని రాయడం ఎవరికీ రాదు. అత్తగారు అలివేలు చదివిన ఆ కాస్త చదువూ తమిళంలో. అందుకే సింధూరి తల్లికి మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడటం నేర్పింది. ఒక టిక్కు పడితే పంపినట్టు, రెండు పడితే చేరినట్టు, అవి నీలంగా మారితే చూసినట్టు అని వేళ్ళు పట్టుకుని చెప్పింది.

అతను చూస్తుండగానే "అమ్మ" పేరు కింద అక్షరాలు మారాయి. "ఆడియో రికార్డ్ చేస్తున్నారు" అని.

నిరంజన్ కదలకుండా కూర్చున్నాడు. ఆమె తన ఫోన్ ముందే ఉంది. కూతురి పేరు కింద "ఆన్‌లైన్" అని చూస్తోంది. ఇప్పుడు మాట్లాడుతోంది. కాసేపటికి ఆ అక్షరాలు పోయాయి. కొత్త మెసేజ్ ఏదీ రాలేదు. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. ఈసారీ ఏమీ రాలేదు.

ఆమెకేమైనా అయిందేమోనన్న భయంతోనే వేలు ఆ పేరు మీదకు వెళ్ళింది. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, భయంతోనే అని చెప్పుకోగలిగాడు. మొదటి మెసేజ్ మీద నొక్కడానికి మాత్రం ఏ కారణమూ చెప్పుకోలేకపోయాడు.

మొదటిదాంట్లో మాటే లేదు. కుక్కరు కూత, ఊపిరి. అది అయిపోగానే తర్వాతిది దానంతటదే మొదలైంది. "సింధూ," అని, అంతే. ఆపైన ఇంకొకటి, ఇంకొకటి.

"పురసవాక్కంలో బ్లౌజు కుట్టేదానికి ఇచ్చినావే, ఆ టైలరు ఫోన్ చేసినాడు. అయిపోయిందంట. వచ్చి తీసుకుంటానని చెప్పినా. ఇంకా పోలా."

"మీ నాయన రాత్రి చక్కెర మాత్ర వేసుకోలా. నేను చెప్తే వింటాడా? నువ్వు అరిస్తేనే గదా. ఒక తూరి అరిచేసి పో."

"మీ ఆయన వచ్చినాడు సింధూ. రెండు ఇడ్లీ తిని లేచేసినాడు. మెడకాడ ఎముకలు కనబడతా ఉండాయి. నేనేం అడిగేది? అడిగితే ఏడుస్తాడేమో అని భయం. నువ్వే అడుగు."

నిరంజన్ ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. ఆపాలని తెలుసు. ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ అతని ముందు సింధూరితో ఇలా మాట్లాడలేదు, ఆమె ఉన్నట్టుగా, పక్క గదిలో ఏదో పనిలో ఉన్నట్టుగా. ఆపలేకపోయాడు.

"ఈ పొద్దు ఎదురింటి రాసాత్తి వచ్చింది. మీ అల్లుడు బంగారం, బిడ్డని ఎంత బాగా చూసుకున్నాడు అనింది. ఆమా ఆమా, అవునవును అన్న్యా. అందురికీ అదే చెప్తా ఉండా. కానీ సింధూ, ఆ పొద్దు నువ్వు తల తిరుగుతా ఉందని చెప్పినప్పుడే ఆయన లేచుంటే? ఆఫీసు కాల్ ముగించుకోని ఆసుపత్రికి పోదామన్నాడంట గదా. నువ్వే చెప్పినావు నాకు, పోనీలే మా, ఒక గంటే గదా అని. నాకు పోదు సింధూ. కడుపులోనుంచి పోదు. ఆయన మొగం చూస్తే అయ్యో పాపం అనిపిస్తుంది, ఇంకోపక్క ఇది. ఎవురికి చెప్పుకునేది, నీకు తప్ప."

అక్కడ ఆపాడు.

ఆ గంట వల్ల ఏం తేడా వచ్చిందో డాక్టర్లు చెప్పలేదు. అతను అడగలేదు.

మధ్యాహ్నం రైలెక్కి చింతాద్రిపేటలో దిగాడు. తలుపు తీసింది ఆదికేశవులే. మాసికం కబురు ఆయన అప్పటికే తమిళంలో పెట్టేశాడు. దాని కింద గోపాలస్వామి ఒక దండం బొమ్మా, ఆ వెంటనే కాకరకాయ రసం వీడియో పెట్టాడట.

"వానికి బుద్ధి లేదు నాయనా," అన్నాడు ఆదికేశవులు. "మాసికం కిందనా కాకరకాయ? సింధు ఉండుంటే తోలు తీసుండు." అనేసి, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించినట్టు కొంచెంసేపు అల్లుడి చొక్కా గుండీల వైపు చూశాడు. "మీ అత్త లోపల ఉంది. పొద్దున్నుంచీ ఒక్క మాట లేదు. పోయి మాట్లాడు." తువ్వాలు భుజాన వేసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

అలివేలు వంటింట్లో పీట మీద కూర్చుని మునగాకు దూస్తోంది. ఫోన్ పక్కనే నేల మీద ఉంది.

"అత్తయ్యగారూ, పొద్దున ఆ ఫోన్‌లో..."

"తెలుసు. కూర్చో నాయనా."

అతను గడప దగ్గరే కింద కూర్చున్నాడు. ఆమె ఆకు దూస్తూనే మాట్లాడింది.

"మొదట అది నువ్వని అనుకోలా. అబద్ధం ఎందుకు, సింధూనే అనుకున్న్యా. పోయినోళ్ళు ఫోన్ చూస్తారా అని బుద్ధికి తెలుసు. చేతికి తెలీలా. అదే పోయి మైకు నొక్కింది. నొక్కినాక నోట్లోంచి ఒక్క మాట రాలా. తుడిచేసినా. మళ్ళీ నొక్కినా, మళ్ళీ తుడిచేసినా."

"చూశానండి."

"ఆమీట ఒక్కొక్కటే నీలం అవుతా వచ్చింది. టిక్కులు గాదు, మైకు బొమ్మలు, వింటేనే నీలం అయ్యేవి. విన్న్యది, ఇంకోటి విన్న్యది, ఇంకోటి. ఈడే కూర్చోని చూస్తా ఉండా. పొయ్యి మీద పాలు పొంగి పోయింది గూడా తెలీలా నాకు." ఆమె ఒక ఈనె తీసి పక్కన పడేసింది. "మీ మామ అడిగినాడు, ఏమే వాసన అని. ఏం లేదు పో అన్న్యా."

వరండాలో ఆదికేశవులు దగ్గడం వినబడింది.

"అప్పుడు ఆడ ఆగింది," అంది అలివేలు. "ఏ మాటకాడ ఆగిందో నాకు తెలుసు. నీకూ తెలుసు."

నిరంజన్ తల వంచుకున్నాడు.

"ఆడ ఆగినాకనే తెలిసింది నువ్వని. అదయ్యుంటే ఆడ ఆపదు. నిన్ను ఒక మాట అంటే ఊరుకునేదా అది? వెంటనే ఫోన్ చేసుండు. ఏం మా, నీకేం తెలుసని మాట్లాడతావు అని పోట్లాటకొచ్చుండు. నేను ఫోన్ చేతిలో పట్టుకోనే ఉండా, మోగుతుందేమో అని. మోగలా."

"మీరన్నది నిజమే అత్తయ్యగారూ. కాల్ అయ్యాకే బయల్దేరాం. తను వద్దనలేదు గానీ, నేను లేవాల్సింది."

"నిజమని తెలుసు. నీ ముందర అనకూడదనే గదా ఆడ చెప్పుకున్న్యా." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు మంచోడివి. అదీ నిజమే. రెండూ ఒకే నోటితో ఎట్ల చెప్పేది? అందుకని ఒకటి అందురికీ, ఒకటి దానికి."

బయట వీధిలో ఎవరో తమిళంలో పాత ఇనుము కొంటామని అరుస్తూ వెళ్ళారు.

"మిగిలినవి నేను వినలేదండి," అన్నాడు నిరంజన్. "వినను."

"తెలుసు. బూడిదరంగులోనే ఉండాయి. చూసుకుంటా ఉండా గదా."

"మీరు మానెయ్యకండి అత్తయ్యగారూ. రోజూ మాట్లాడుకుంటున్నారు కదా, అలాగే మాట్లాడండి. ఇంటికి వెళ్ళగానే ఆ ఫోన్ ఆపేస్తాను. ఆపేస్తే ఇక ఎవరూ వినలేరు. నేను కూడా."

దారిపొడుగునా రైల్లో ఆలోచించి తెచ్చిన మాట అది. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పరిహారం. అలివేలు ఆకు దూయడం ఆపింది.

"ఆపేస్తే ఎన్ని టిక్కులు పడతాయి?"

"ఒకటే పడుతుందండి."

"ఒకటి పడితే చేరలేదని గదా. అదే చెప్పింది నాకు. రెండోది పడేదాకా చూడు మా, ఒకటే ఉంటే నాకు రాలేదని అనుకో అని." ఆమె ఫోన్ వంక చూసింది గాని తీసుకోలేదు. "ఇన్ని దినాలూ రెండు పడతా ఉండె. చెప్పంగానే రెండు. అది చూసుకోని లేచి పనికి పోతా ఉంటిని."

"అయితే ఆపను. ఆన్‌లోనే ఉంచుతాను. రెండూ పడతాయి. ముట్టుకోను, ఒట్టు."

"నువ్వు ముట్టుకోవు. ఆ మాట నమ్ముతా. కానీ ఆ ఇంట్లో నువ్వుండావు గదా నాయనా. నేను నోరు తెరిస్తే ఇంక అదంతా నీ పక్కన వచ్చి పడతా ఉంటాది. నీకు చెప్పినట్టే ఉంటాది నాకు. దానికి చెప్పినట్టు ఉండదు."

ఫోన్ ఇక్కడే మీ దగ్గర పెట్టుకోండి అందామనుకున్నాడు నిరంజన్. ఆ ఫోన్ పక్కనే కూర్చుని తనే పంపుకుంటూ, అది మోగుతుంటే వింటున్న అత్తగారు కళ్ళ ముందు మెదిలి, ఆ మాట మింగేశాడు.

"దానికి చేరాల," అంది అలివేలు, లెక్క అప్పగించినట్టు నెమ్మదిగా. "నీకు చేరగూడదు. అట్ల ఏదన్నా ఉండాదా మీ కంప్యూటర్లలో?"

పెళ్ళయిన కొత్తలో ఫోన్ నిండిపోయిందన్నా, ఫోటోలు పోయాయన్నా ఆమె అతన్నే అడిగేది. ఏదో ఒకటి చేసి ఇచ్చేవాడు. ఇప్పుడూ ఆమె అలాగే, నిజంగా తెలుసుకోవాలన్నట్టే, ముఖం ఎత్తి చూస్తోంది.

"లేదత్తయ్యగారూ," అన్నాడు నిరంజన్.

"తెలుసు," అందామె. "సుమ్మా, ఊరికే అడిగినా."

మునగాకు చేటను దగ్గరికి లాక్కుని, మిగిలిన రెమ్మలు దూయసాగింది.