మట్టిలో నాలుగు వరుసలు

తడి కాగితం మీద కుచ్చు బ్రష్షు టపటపా పడుతోంది. ప్యాంటు పాడవుతుందన్న ధ్యాస లేకుండా ఖాజా మొహినుద్దీన్ సారు చెరువుకట్ట మీద మోకాళ్లూని శాసనం అచ్చు తీస్తున్నారు. అక్షరాల గుంటల్లోకి కాగితం దిగేదాకా కొట్టాలి, చిరగకుండా కొట్టాలి, ఆపైన మసి అద్దాలి. అప్పుడు కాగితమంతా నల్లగా, అక్షరాలు మాత్రం తెల్లగా తేలతాయి. పాతికేళ్లలో ఆ చెయ్యి ఒక్క కాగితమూ చింపలేదు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకునేవారు.

పక్కన బకెట్టు పట్టుకుని నిలబడ్డవాడు మొగిలయ్య, కాలేజీలో హిస్టరీ డిపార్ట్‌మెంటు అటెండరు.

ధర్మసాగర్ దారిలోని ఈ ఊరి నుంచి నిన్న కబురొచ్చింది. కట్ట పనికి మట్టి తవ్వుతూ రాయిని ఊడదీసి పడుకోబెట్టారట, అడుగున ఇంకా రాతలున్నాయట. సారు గుండెల్లో రాయి పడింది.

1958లో ఇదే రాయి నిలబడి ఉండగా ఆయన చదివారు. పైకి కనిపించినవి పదకొండు వరుసలు, వాటినిండా బొల్లయ నాయకుడి బిరుదులే. ఇంకేం, చెరువు ఆయనే తవ్వించాడని రాసేశారు. ఇలాంటి శాసనాల్లో ముందు ఏలినవాడి పొగడ్త, ఆఖరున పని చేయించినవారి పేరు వస్తాయని ఏటా క్లాసులో చెప్పే మనిషే పప్పులో కాలేశారు. అడుగు తవ్వి చూశారా అని సభలో ఎవరో అడిగితే, పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించి నోరు మూయించారు కూడా. ఆ మాట ఆయన రాసిన ఒకే ఒక్క పుస్తకంలోకి ఎక్కింది. దాని రెండో ముద్రణ ప్రూఫులు రేపు పొద్దునకల్లా హనుమకొండ ప్రెస్సులో ఉండాలి. దిద్దితే ఇప్పుడే దిద్దాలి. లేకపోతే ఆ తప్పు ఆయన పోయాక కూడా బతికే ఉంటుంది.

మసి అద్దడం అయింది. కళ్లద్దాలు నుదుటికి నెట్టి, వేలు తగలనీయకుండా కింది నాలుగు వరుసలూ చదివారు. మళ్లీ చదివారు.

"నాయకుడు గాదు మొగిలయ్యా. గానుగోళ్ల ఇంటామె. పేరు మాచమ. మొగని పుణ్యానికని తవ్విచ్చింది."

"సొమ్మొకలది సోకొకలది అయింది గద సార్! ఇన్నేండ్ల సంది పోరగాండ్లకు మనం తప్పు చెప్పినమా?"

"నేను చెప్పిన. నువ్వు బకెట్టు మోసినవ్, అంతే." సారు పకపకా నవ్వారు. సిగ్గేసింది, కానీ సిగ్గు కన్నా సంతోషమే ఎక్కువగా ఉంది.

కట్ట పనికొచ్చిన పూలమ్మ మట్టితట్ట దించి వంగి చూసింది. "ఆడామె పేరున్నదా అండ్ల? యాడున్నదో జర సూపియ్యి సారూ."

చూపించారు. అక్షరం ముక్క రాని పూలమ్మ ఆ మూడక్షరాల వంక చాలాసేపు చూసింది.

సారు తుమ్మ నీడన కూర్చుని సంచిలోంచి ప్రూఫు తీశారు. నాయకుడి పేరు కొట్టేసి మాచమ పేరు రాశారు. పేజీ అడుగున, 'ఇంతకుముందు రాసింది నా తప్పు. రాయి అడుగు చూడకుండా రాశాను' అని చేర్చి సంతకం పెట్టారు.

"నాలుగు గంటల బస్సుకు పోయి ప్రెస్సుల ఇయ్యి."

"మరి మీరు? మొఖమంత చెమటలు పడుతున్నయి సార్."

"ఎండకు. కాగితం ఆరకముందు తీస్తే చిరుగుతది. ఆరినంక వస్త, నాకేం ఫికర్ లేదు."

మొగిలయ్య వెళ్లాడు. సారు చెట్టుకు ఆనుకుని, కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చిన పూలమ్మ "సారూ" అని పిలిచింది. భుజం తట్టి మళ్లీ పిలిస్తే తల పక్కకు వాలిపోయింది. చెంబు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరివాళ్లు ఆయన్ను జీపులో తీసుకుపోయేసరికి పొద్దు వాలింది. ఆ వేళకు హనుమకొండలో మొగిలయ్య, ఆ పేరు సరిగ్గా ఎక్కాలని కంపోజిటరుకు మరీమరీ చెబుతున్నాడు.

గాలికి కాగితం అంచులు లేస్తుంటే పూలమ్మ నాలుగు మూలలా మట్టిపెళ్లలు పెట్టి ఇంటిదారి పట్టింది. రాయి మీద కాగితం నల్లగా ఆరిపోయి ఉంది, ఆఖరి వరుసలో తెల్లగా మూడక్షరాలు.